గ్యాస్ గీజర్ వెలిగిన వెంటనే ఆరిపోతోంది, కారణం ఏమై ఉంటుంది?

అన్నలూ, మాది మిర్యాలగూడ. మా గ్యాస్ గీజర్ కుళాయి తిప్పగానే టక్ టక్‌మని స్పార్క్ ఇస్తుంది, మంట నీలంగానే అంటుకుంటుంది, నాలుగైదు సెకన్లకు టప్పున ఆరిపోతుంది. కట్టేసి మళ్లీ తిప్పితే మళ్లీ అదే కథ. ఒంటి నిండా సబ్బు పెట్టుకున్నాక ఇలా అయితే ఎట్లుంటదో చెప్పనక్కర్లేదు.

సెల్స్ కొత్తవి వేశాను. సిలిండర్ మార్చినా తేడా లేదు. మాది బోరు నీళ్లు, గిన్నెల అడుగున తెల్లగా పేరుకుపోయే రకం, అందుకని నీళ్లు లోపలికి వెళ్లే చోట జాలీ విప్పి కడిగాను, ధార పెరిగింది కానీ మంట మాత్రం నిలవట్లేదు.

మెకానిక్ చూసి డయాఫ్రమ్ (నీళ్ల ఒత్తిడికి కదిలి స్పార్క్, గ్యాస్ ఆన్ చేసే రబ్బరు పొర) మార్చాలన్నాడు. నా డౌట్ ఏంటంటే, అది పోతే అసలు స్పార్కే రాకూడదు కదా? కవర్ తీసి చూస్తే బర్నర్ దగ్గర రెండు పుల్లలున్నాయి, ఒకటి స్పార్క్‌ది, రెండోది మంటను కనిపెట్టే సెన్సార్ అనుకుంటా, దాని కొస మీద బూడిద రంగు పొర గట్టిగా పట్టి ఉంది. మంట ఉన్నట్టు దానికి తెలియక గ్యాస్ వాల్వ్ మూసేస్తోందేమో! గ్యాస్ బంద్ చేసి సన్న గరుకు కాగితంతో రుద్దొచ్చా, లేక ఆ పుల్లే మార్చాలా?

గాలికి ఆరిపోతోంది, బాత్రూంలో పెట్టించండి అని మాత్రం చెప్పొద్దు. కార్బన్ మోనాక్సైడ్ భయంతోనే బయట గోడకు పెట్టించాం, పైగా గాలి లేని రోజు కూడా ఇదే తంతు.