వంటింట్లో ఐలాండ్ పడుతుందా పడదా, ఎవరైనా తేల్చి చెప్పండి

కొత్తింటి గోల:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక టేపు పట్టుకున్నాం, ఇప్పుడు రాత్రి పదకొండు. నేనూ మా వారూ ఆరుసార్లు కొలిచాం, ఏడుసార్లు పోట్లాడుకున్నాం. మాది 12 బై 10 కిచెన్. మధ్యలో 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పుతో ఒక గట్టు, అదే ఐలాండ్, పెట్టించుకోవాలని నా కోరిక. ఇంటీరియర్ అబ్బాయి "పెద్ద కిచెన్ మేడమ్, హాయిగా పడుతుంది" అంటున్నాడు. అతను పంపిన త్రీడీ బొమ్మలో అయితే షటిల్ ఆడుకునేంత ఖాళీ కనిపిస్తోంది. మా వారేమో పడదంటే పడదంటారు, ఎందుకు పడదో చెప్పరు. నెట్‌లో చూస్తే ఒకచోట 36 అంగుళాలు వదలమని, ఒకచోట 42, ఇంకోచోట మీటరు. బుర్ర వేడెక్కిపోయింది. రేపు పొద్దున్నే కార్పెంటర్ వస్తాడు. పడుతుందా పడదా? అంతే నా ప్రశ్న.

ముక్కుసూటి:
కొలతలు చెప్పండి.

కొత్తింటి గోల:
చెప్పాను కదండీ, 12 బై 10.

ముక్కుసూటి:
అది గది కొలత. ఖాళీ కొలత కావాలి.

ఫ్రిస్కో బాబాయ్:
మేం టెక్సాస్‌లో ఉంటాం, మా ఇంట్లో ఐలాండ్ ఉంది కాబట్టి చెబుతున్నా. ఇక్కడ నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ వాళ్ల లెక్క ఒకటుంది. ఒక్కరే వండే ఇంట్లో పని చేసే దారి 42 అంగుళాలు, ఇద్దరు ముగ్గురు వండితే 48, ఊరికే నడిచి వెళ్లే దారైతే 36. మీరు చదివిన అంకెల్లో తేడా అందుకే. ఒకరు నడిచే దారి చెప్పారు, ఇంకొకరు పని చేసే దారి చెప్పారు. ఇంకో మాట, డిష్‌వాషర్ ఉంటే దాని తలుపు కిందికి తెరిస్తే ముందుకి రెండడుగుల దాకా వస్తుంది. మా పాత ఇంట్లో అది తెరిస్తే ఇక అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. డిష్‌వాషర్ ఉందా మీకు? ఐలాండ్ లేకుండా ఈ రోజుల్లో కిచెన్ ఏంటండీ, పిల్లలు హోంవర్క్ కూడా దాని మీదే చేసుకుంటారు.

మోచేతి లెక్క:
ఐలాండ్ సంగతి తర్వాత, ముందు ఎత్తు చూసుకోండి. ఎవరూ చూసుకోరు, తర్వాత నడుం పట్టుకుని కూర్చుంటారు. మేస్త్రీలు ఇల్లు ఎవరిదైనా కళ్లు మూసుకుని ఒకే ఎత్తు కట్టేస్తారు. నేను అయిదడుగుల ఒక అంగుళం. పాతింట్లో గట్టు 36 అంగుళాలు, దాని మీద స్టవ్ నాలుగు అంగుళాలు, దాని మీద కుక్కర్. పప్పు మెదపాలంటే పీట ఎక్కి నిలబడేదాన్ని. కొత్తింట్లో 32 చేయించుకున్నా, ప్రాణం లేచొచ్చింది. చెప్పులు లేకుండా నిలబడి చెయ్యి మడిచి, మోచేతి కింద నాలుగైదు అంగుళాలు వదిలి గోడ మీద గీత గీయండి, అదే కూరలు తరిగే ఎత్తు. చపాతీలు ఒత్తడానికి ఇంకాస్త కిందికి ఉండాలి. స్టవ్ కింద గట్టు కూడా ఇంకాస్త తగ్గాలి. మీ ఎత్తెంత?

కొత్తింటి గోల:
ఎత్తు గురించి అడగలేదండీ, వెడల్పు గురించి అడిగాను. డిష్‌వాషర్ లేదు, మా లక్ష్మి ఉంది.

అరుగు మీద కబుర్లు:
చిన్న సవరణ. మీరు చెప్పేది నాలుగు వైపులా ఖాళీ ఉండేదేనా? నాలుగు వైపులా నీళ్లుంటే ద్వీపం, మూడు వైపులా ఉంటే ద్వీపకల్పం, చిన్నప్పుడు సోషల్‌లో చదువుకున్నదే. చాలామంది ఒక పక్క గోడకో గట్టుకో అంటించి కట్టి ఐలాండ్ అంటున్నారు. అది పెనిన్సులా. దానికి ఒక వైపు దారి వదలక్కర్లేదు కాబట్టి చిన్న వంటింట్లో పడుతుంది. ఏ మాట వాడుతున్నారో తేలకుండా పడుతుందో లేదో తేలదు.

గోదారి గట్టు:
ఐలాండూ పెనిన్సులా ఎందుకండీ, మేం "నడిమి దిమ్మె" అంటాం. మా అన్నయ్య భీమవరంలో కట్టించాడు, మేస్త్రీకి ఐలాండ్ అంటే అర్థం కాలేదు, దిమ్మె అనగానే గీసి చూపించాడు.

అరుగు మీద కబుర్లు:
దిమ్మె అంటే లోపల నిండుగా ఉండే కట్టడం. తులసికోట కింద ఉండేది దిమ్మె. లోపల అలమరలు పెట్టి పైన రాయి పరిస్తే అది గట్టు అవుతుంది.

గోదారి గట్టు:
తులసికోటకి కూడా లోపల దీపం గూడు ఉంటుంది మరి. దాన్నేమంటారు, పెనిన్సులానా?

ముక్కుసూటి:
ఆవిడకి పొద్దున కార్పెంటర్ వస్తాడట.

రిటైర్డ్ టేపు:
అమ్మా, నేను ముప్పై ఏళ్లు సైట్ల మీద తిరిగినవాణ్ణి. పెద్ద లెక్కేమీ కాదు, ఈ నాలుగింటికి సమాధానం చెప్పు. ఒకటి, 12 బై 10 నువ్వు టేపుతో కొలిచిందా, బిల్డర్ ప్లాన్‌లో చూసిందా? ప్లాన్‌లో ఇటుకకీ ఇటుకకీ మధ్య కొలత వేస్తారు. ప్లాస్టరింగ్, టైల్స్ అయ్యాక రెండు అంగుళాలు మాయమవుతాయి. రెండు, గట్టు ఎన్ని వైపుల ఉంది, దానికి ఎదురుగా ఏముంది? మూడు, ఫ్రిజ్ ఎక్కడ, తలుపులు ఎటు తెరుచుకుంటాయి? నాలుగు, ఒకేసారి లోపల ఎంతమంది ఉంటారు? ఆరుసార్లు కొలిచామన్నావు, ఏం కొలిచారో రాయలేదు.

కొత్తింటి గోల:
అయ్యో, అది చెప్పలేదా! కొత్త ఫ్లాట్ బాబాయ్ గారూ, బాచుపల్లిలో. 12 బై 10 బ్రోచర్‌లోదే. టేపుతో అయితే 10 అడుగుల వైపు 117న్నర అంగుళాలు వచ్చింది, మేం తప్పు కొలిచామనుకుని మళ్లీ మళ్లీ కొలిచాం, ఆ ఆరుసార్లు అవే. గట్టు ఎల్ షేపు, గ్రానైట్ అంచుతో కలిపి 25 అంగుళాలు. ఎదురు గోడకి క్రాకరీ యూనిట్ ఇప్పటికే బిగించేశారు, 20 అంగుళాల లోతు. దాని పక్కనే ఫ్రిజ్, డబుల్ డోర్. ఆ గోడకే చివర్న యుటిలిటీ తలుపు, లోపలికి తెరుచుకుంటుంది. నాలుగో వైపు ఓపెన్, డైనింగ్‌లోకి. లోపల నేనూ అత్తయ్యగారూ ఉంటాం, పొద్దున ఏడింటికి లక్ష్మి వస్తుంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కుర్చీ వేసుకుని కూర్చునే కూరలు తరుగుతారు.

రిటైర్డ్ టేపు:
ఇందులో సగం మొదటే రాసుంటే నా కాఫీ చల్లారేది కాదు. సరే చూడు. 117న్నరలో గట్టుకి 25 పోతే 92న్నర. క్రాకరీకి 20 పోతే 72న్నర. నీ ఐలాండ్ రెండున్నర అడుగులంటే 30 అంగుళాలు. మిగిలింది 42న్నర, అది రెండు వైపులా కలిపి. అంటే ఒక్కో వైపు 21 అంగుళాలు. బీరువాకీ మంచానికీ మధ్య పక్కకి తిరిగి నడిచే సందు ఉంటుందే, అంత. ఇక ఫ్రిజ్ ముందు ఇంకా ఘోరం. వెనక గాలికి వదిలిన జాగా, హ్యాండిల్‌తో కలిపి ఫ్రిజ్ 31 దాకా ముందుకొస్తుంది, అక్కడ ఒక్కో వైపు మిగిలేది 15, 16 అంగుళాలే. డబుల్ డోర్ తలుపే రెండడుగుల పైన ఉంటుంది, అది తెరవకముందే ఐలాండ్‌కి కొట్టుకుంటుంది. త్రీడీ బొమ్మలో ఫ్రిజ్ తలుపు మూసే ఉంటుంది, గమనించు. మనుషులు కూడా ఉండరు.

కొత్తింటి గోల:
మరి ఐలాండ్‌ని క్రాకరీ వైపుకి కొంచెం జరిపితే?

రిటైర్డ్ టేపు:
పూర్తిగా జరిపితే గట్టు వైపు 42 వస్తుంది, పని చేసుకోవచ్చు. కానీ క్రాకరీ తలుపులు తెరుచుకోవు. కొంచెం జరిపితే రెండు వైపులా పనికిరాదు.

ఫ్రిస్కో బాబాయ్:
36 ఉంటే మా వాళ్లు సర్దుకుంటున్నారండీ, మరీ 42 అక్కర్లేదు. మా కజిన్ వాళ్లింట్లో 36తోనే నడుస్తోంది.

ముక్కుసూటి:
ఆవిడకున్నది 21.

ఫ్రిస్కో బాబాయ్:
ఓ, సారీ. రెండు వైపులా కలిపి 42 అన్నది చూసుకోలేదు.

ఆగ్నేయం:
స్టవ్ ఐలాండ్ మీద పెడుతున్నారా? వంట చేసేవాళ్లు తూర్పు ముఖంగా ఉండాలి. గది మధ్య బరువు మంచిది కాదంటారు. ఇల్లు ఏ ఫేసింగో చెబితే చూస్తాను.

పొగగొట్టం:
వాస్తు పక్కన పెట్టినా స్టవ్ ఐలాండ్ మీద వద్దు. మధ్యలో స్టవ్ పెడితే చిమ్నీ సీలింగ్ నుంచి వేలాడదీయాలి, ఆ గొట్టం ఫాల్స్ సీలింగ్ మీదుగా బయటి గోడ దాకా తీసుకెళ్లాలి, మలుపులు పెరిగే కొద్దీ లాగడం తగ్గుతుంది. గొట్టం లేని చిమ్నీలు మన తాళింపులకి ఆగవు, గోంగూరలోకి ఎండుమిర్చి వేయిస్తే ఇంటిల్లిపాదీ దగ్గడమే. పైగా గ్యాస్ ట్యూబు. సురక్షా హోస్ మీటరున్నర దాటి వాడకూడదు, అయిదేళ్లకోసారి మార్చాలి, నేల మీద అడ్డంగా అసలు వేయకూడదు. అంటే సిలిండర్ ఐలాండ్ లోపలే పెట్టుకోవాలి. సింక్ కూడా అంతే, ఫ్లాట్‌లో మధ్యకి డ్రెయిన్ పైపు వాలుతో తేవాలంటే నేల ఎత్తు చేయాలి. స్లాబ్ మాత్రం తొలవనివ్వకండి, కింద ఇంటివాళ్ల సీలింగ్‌లో కనిపిస్తుంది. మీది మివాన్ కట్టడం అయితే గోడ కూడా కాంక్రీటే, గాడి కొట్టనివ్వరు.

కొత్తింటి గోల:
స్టవ్ వద్దు, సింక్ వద్దు. ఊరికే పైన గ్రానైట్, కింద డ్రాయర్లు, ఒక వైపు రెండు హైచైర్లు. నేను స్టవ్ అని ఎక్కడ అన్నాను?

మోచేతి లెక్క:
హైచైర్లా! చూశారా, మళ్లీ ఎత్తే వచ్చింది. 36 అంగుళాల గట్టు కింద మోకాళ్లు పట్టాలంటే రాయి 15 అంగుళాలు ముందుకు రావాలి. మనిషికి రెండడుగుల వెడల్పు కావాలి. కూర్చున్నవాళ్ల వెనక నుంచి ఇంకొకరు నడవాలంటే గట్టు అంచు నుంచి 44. అయినా మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు హైచైర్ ఎక్కుతారా?

రిటైర్డ్ టేపు:
ఆ మాట నిజం. రాయి సంగతి కూడా వినండి, మనవాళ్లు వేసేది 18, 20 మిల్లీమీటర్ల గ్రానైట్. ఆరు అంగుళాలు దాటి బయటికి వదిలితే నేనైతే కింద ఇనుప బ్రాకెట్లు లేకుండా ఒప్పుకోను. పిల్లాడు ఎక్కి కూర్చుంటే ఆ అంచు దగ్గరే చిట్లుతుంది. అమ్మా, నువ్వు ఇంకా ఏదో దాస్తున్నావని నా అనుమానం. పడదని లెక్క తేలాక కూడా వెనక్కి తగ్గడం లేదు.

కొత్తింటి గోల:
...రాయి కోయించేశాం. బ్లాక్ గ్రానైట్, 5 బై రెండున్నర, నాలుగు అంచులూ గుండ్రంగా పాలిష్ చేయించి. వరండాలో గోడకి ఆనించి ఉంది. మా వారికి దాని రేటు సగమే చెప్పాను.

గోదారి గట్టు:
హహ్హహ్హ. కథ ఇదన్నమాట.

ముక్కుసూటి:
ఇది మొదటి లైన్‌లో ఉండాల్సింది.

అరుగు మీద కబుర్లు:
అయితే పెనిన్సులాయే దారి. డైనింగ్ వైపు తెరిచి ఉంది కదా, గట్టు చివర నుంచి ఆ రాయిని అడ్డంగా తిప్పండి. అయిదడుగులు పోయినా 117న్నరలో ఇంకా దారి మిగులుతుంది. హైచైర్లు డైనింగ్ వైపు వెళ్తాయి, వంట చేసేవాళ్ల కాళ్లకి అడ్డం రావు. దాన్ని దయచేసి ఐలాండ్ అనకండి.

రిటైర్డ్ టేపు:
ఇది బాగుంది. రాయి 60, గట్టు 25 పోతే ఎదురు గోడ దాకా 32 మిగులుతుంది, ఆ చివర క్రాకరీ, ఫ్రిజ్ లేకపోతేనే. రాయి పొడవు అర అడుగు కోయిస్తే 38. ఫ్రిజ్ సరిగ్గా ఆ దారిలోనే ఉంటే మాత్రం దాన్ని డైనింగ్‌లోకి పంపాలి. ఏదైనా సరే, రేపు కార్పెంటర్‌ని వెనక్కి పంపించి రెండు రోజులు ఒక పని చెయ్యి. ప్యాకర్లు తెచ్చిన అట్టపెట్టెలు ఉంటాయిగా, నడుం ఎత్తు దాకా పేర్చి, ఐలాండ్ ఎంతో అంతే వెడల్పు, అంతే పొడవు పెట్టు. పైన దుప్పటి కప్పు. మధ్యలో అవి ఉండగానే వండు. ఫ్రిజ్ తియ్యి, డ్రాయర్ లాగు, పప్పు గిన్నె పట్టుకుని పక్కకి తిరుగు, లక్ష్మిని తడిగుడ్డ వెయ్యమను. మేం సైట్లో ఇటుకలు పేర్చి చూపించేవాళ్లం. బొమ్మ చూసి "పెద్దదే" అన్నవాళ్లు ఇటుకల మధ్య నిలబడి "చిన్నదే" అనేవాళ్లు.

గోదారి గట్టు:
సంక్రాంతికి అరిసెలు వండుతారా మీ ఇంట్లో? మా వదిన ఆ దిమ్మె కట్టించుకున్నాక పాకం పట్టేది లోపల, పిండి కలిపేది హాల్లో, ఒత్తేది బాల్కనీలో. నేల మీద నలుగురు కూర్చునే చోటు పోయింది. వెట్ గ్రైండర్ కూడా అంతే, కింద పెట్టుకునే రకం అయితే చోటు చూసుకోండి.

ఆగ్నేయం:
ఫేసింగ్ చెప్పలేదు.

కొత్తింటి గోల:
పెట్టెలు పేర్చాం. నిన్న సాయంత్రం, ఇవాళ పొద్దున. ఫ్రిజ్ తలుపు పావు వంతు తెరుచుకుంది, పాల ప్యాకెట్ చెయ్యి దూర్చి తీశాను. అత్తయ్యగారు ఎప్పట్లా కుర్చీ వేసుకుని కూర్చున్నారు, ఇక నేను స్టవ్ దగ్గరకి వెళ్లాలంటే ఆవిడ లేవాలి, మూడోసారి లేచాక "ఈ పెట్టెలు ఎప్పుడు తీస్తారే" అన్నారు. ఇవే ఐలాండ్ అని చెప్పలేదు. మా వారు ఏమీ అనలేదు, ఆ చూపు చాలు. తీసేశాం. కార్పెంటర్‌కి డ్రాయర్లు ఆపమన్నాం. డైనింగ్ వైపు తిప్పే సంగతి ఇంకా తేల్చుకోలేదు. థాంక్స్ అందరికీ, రిటైర్డ్ బాబాయ్ గారికి ఎక్కువ.

అరుగు మీద కబుర్లు:
తిప్పితే ఫొటో పెట్టండి. అది పెనిన్సులా.

మోచేతి లెక్క:
ఎత్తు చెప్పలేదు మీరు.

ప్రగతినగర్ కిరాయి:
లేటుగా చూశాను. ఆ రాయి అమ్మేస్తారా? మాకు స్టడీ టేబుల్‌కి సరిపోతుంది. అసలు రేటు చెప్పండి, సగం కాదు.