హెర్బేరియం పుట్టగొడుగు నమూనాల్లో పురుగు, పిండైపోతున్న గిల్స్

ప్రశ్న: హెర్బేరియంలో (ఎండబెట్టిన నమూనాలు దాచే చోట) పాత ప్యాకెట్లలో చిల్లులు, సన్నటి పొడి కనిపిస్తున్నాయి. మైక్రోస్కోపు కోసం గిల్ (గొడుగు అడుగున ఉండే పలచటి రేకు) కోయబోతే పిండైపోతోంది. ఏం చేయాలి?

జవాబు 1: అది పురుగు పనే, ఎక్కువగా సిగరెట్ బీటిల్ అనే చిన్న పెంకు పురుగు. ప్యాకెట్లను పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచండి. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేదాకా విప్పొద్దు. తొందరపడితే గాలిలోని తేమ నమూనా మీదే చేరి బూజు పడుతుంది. రాలిన పొడిని దయచేసి పారేయకండి, స్పోర్లు (పుట్టగొడుగుకు విత్తనాల్లాంటి కణాలు) అందులోనే ఉండొచ్చు. కాగితంలో మడిచి అదే ప్యాకెట్‌లో పెట్టండి. పాతవాటికి మెర్క్యురిక్ క్లోరైడ్ అనే విషం పట్టించి ఉండొచ్చు, గ్లవ్స్ తప్పనిసరి.

జవాబు 2: పొడిగా ఉన్నదాన్ని కోయకూడదు. బియ్యపు గింజంత ముక్క చాలు. ముందు 95 శాతం ఆల్కహాల్‌లో కొన్ని సెకన్లు ముంచండి, లేకపోతే లోపల గాలి బుడగలు నిలిచిపోతాయి. తర్వాత 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో మెత్తబడనిచ్చి కొత్త బ్లేడుతో కోయండి. మెల్జర్ ద్రావణం (రంగు మార్పు చూసే అయోడిన్ ద్రావణం) వేసేట్టయితే ముందు నీటితో బాగా కడగాలి, క్షారం మిగిలితే అయోడిన్ రంగు నమ్మలేం. టైప్ నమూనా (జాతి పేరుకు ఆధారమైన నమూనా) అయితే హెర్బేరియం బాధ్యత చూసే క్యూరేటర్ అనుమతి లేకుండా ముక్క తీయొద్దు.

జవాబు 3: కొత్తవాటిని 40–45 డిగ్రీల దగ్గర ఎండబెట్టండి, లావు కాడలను నిలువుగా చీల్చి. విరిస్తే ఫట్టుమనాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే.