చిత్తడి నేలల అభయారణ్యానికి ఏ కాలంలో వెళ్తే మంచిది?

ప్రశ్న:
చలికాలం మొదట్లో ఒక చిత్తడి నేలల అభయారణ్యానికి తొలిసారి వెళ్లాను. ప్రవేశద్వారం దగ్గరి బోర్డు మీద రంగురంగుల మగ బాతుల బొమ్మలు ఉన్నాయి కానీ, నీటి మీద నాకు కనిపించినవన్నీ ఒకే మాదిరి గోధుమరంగు బాతులే. పైగా నేను వెళ్లింది మిట్టమధ్యాహ్నం. అవతలి ఒడ్డున చుక్కల్లా ఉన్నవాటిలో ఒక్క జాతినీ పోల్చుకోలేకపోయాను. ఏ నెలలో, ఏ వేళలో వెళ్లాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
మీరు చూసినవాటిలో మగవి కూడా ఉండే ఉంటాయి. వలస బాతుల్లో చాలా జాతుల మగవి జతకట్టే కాలం ముగిశాక మెరిసే ఈకలు రాల్చి, ఆడవాటిని పోలిన మాసిన రంగులోకి మారతాయి. అదే సమయంలో రెక్కల ఈకలన్నీ ఒక్కసారిగా రాలిపోయి కొన్ని వారాలు ఎగరలేవు కనుక, శత్రువుల కంట పడకుండా ఆ రంగే వాటిని కాపాడుతుంది. కొత్త ఈకలు పూర్తిగా వచ్చేసరికి చలికాలం నడిమికి చేరుతుంది. అప్పుడు సూదితోక బాతును చూడండి. చాక్లెట్ రంగు తల, మెడ పక్కనుంచి పైకి పాకిన సన్నని తెల్లచార. తల నీట ముంచి తోకను నిటారుగా నిలిపి మేత వెతికే తీరు ఎంతసేపు చూసినా తనివి తీరదు. తెల్లవారుజామున, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి.

జవాబు 2:
నా దృష్టిలో నెల కంటే నీటిమట్టమే ముఖ్యం. నీరు నిండుగా ఉంటే బాతులు, తగ్గి బురద బయటపడితే పొడుగుకాళ్ల పిట్టలు. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటే, పొడవు ముక్కు గాడ్‌విట్‌లు లోతుగా గుచ్చి పురుగులను లాగుతాయి. అందుకే ఒకే బురదలో ఇన్ని జాతులకు చోటుంటుంది. ఆ మేత ఎంత విలువైనదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు: 2022లో ట్రాన్స్‌మీటర్ అమర్చిన ఒక గాడ్‌విట్ పిల్ల అలాస్కా నుంచి టాస్మానియా దాకా సుమారు 13,560 కిలోమీటర్లు, 11 రోజుల పాటు ఎక్కడా దిగకుండా ఎగిరింది. బయలుదేరే ముందు ఒంట్లో చేర్చుకున్న కొవ్వే దానికి ఇంధనం. కాబట్టి వెళ్లే ముందు అక్కడి సిబ్బందిని నీరు ఎంత ఉందో అడగండి.

జవాబు 3:
ఒక మనవి కూడా చేస్తాను. మేస్తున్న పక్షులన్నీ ఒక్కసారిగా మెడలు నిక్కించాయంటే మీరు అవసరానికి మించి దగ్గరకు వచ్చారని అర్థం. అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కి జరగండి. ఫొటో కోసం గుంపును లేపితే, పైన చెప్పిన ఆ కొవ్వే వృథా అవుతుంది. దయచేసి ఫోన్‌లో పక్షి కూతలు వినిపించి వాటిని పిలవకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. చలికాలం నడిమిలో ఒకసారి, నీరు తగ్గి బురద తేలాక మరోసారి వెళ్తాను. రెండుసార్లూ తెల్లవారేసరికే అక్కడ ఉంటాను.