అప్‌డేట్: ఫోన్ మీద నమ్మకాన్ని ఎలా కొలవాలని అడిగాను కదా
నగరంలో తిరిగేటప్పుడు జనం ఫోన్‌ని ఎంత నమ్ముతారో సర్వేతో తేలుతుందా అని నా పీహెచ్‌డీ కోసం అడిగాను. సర్వే ఒక్కటే చాలదు, వాళ్లతో కలిసి నడవమన్నారు, అదే చేశాను. మ్యాప్‌ని పూర్తిగా నమ్ముతానని ఫారంలో టిక్ పెట్టిన ఒకావిడ, ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకు తగిలి నీలం చుక్క పక్క వీధిలోకి దూకగానే, ఫోన్ దించేసి ఎదురొచ్చిన మనిషిని దారి అడిగారు. నాకు కావాల్సింది సరిగ్గా ఆ క్షణమే!

మేయర్, డేవిస్, స్కూర్‌మన్ అనే పరిశోధకులు 1995లో నమ్మకాన్ని సామర్థ్యం, మేలు కోరే గుణం, నిజాయితీ అని విడదీశారు. ఇక్కడ దెబ్బతిన్నది సామర్థ్యం మీద నమ్మకం. మన లొకేషన్ ఎవరికి చేరుతోందో అన్న భయం వేరు, దాన్ని విడిగా అడగాలి. గైడ్ గారు కూడా ఒప్పుకున్నారు, ఆ టెన్షన్ తీరింది. సర్వే ఉంటుంది, కాకపోతే నడక తర్వాత మళ్లీ ఇస్తాను. చాలా థాంక్స్ అండీ.