తాయ్ చీ, చిగాంగ్ పెద్దవాళ్లకు పనికొస్తాయా? చేసినవాళ్లు చెప్పండి

బెజవాడ_కోడలు

అందరికీ నమస్కారం. మా అత్తగారికి డెబ్బై దాటాయి. సంక్రాంతికి ముందు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. దేవుడి దయవల్ల ఎముకలేవీ విరగలేదు గానీ ఆవిడకి భయం పట్టుకుంది. గుడికి వెళ్లడం మానేశారు, మెట్లు దిగడం లేదు, ఇంట్లో కూడా గోడ పట్టుకునే నడుస్తున్నారు. డాక్టర్ గారు చూసి, "ఇలా కూర్చుండిపోతే కాళ్లలో ఉన్న బలం కూడా పోతుంది, బ్యాలెన్స్‌కి ఏదైనా వ్యాయామం చేయించండి" అన్నారు. యోగా క్లాసుకి తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పుల వల్ల ఆవిడ కింద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. మా ఆడపడుచు అమెరికా నుంచి ఫోన్ చేసి తాయ్ చీ అనే చైనా వ్యాయామం చేయించమంటోంది. వీడియోలు చూస్తే నెమ్మదిగా చేతులు తిప్పుతున్నారు, అంతే. దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా? మా దగ్గర నేర్పేవాళ్లు ఎవరూ తెలియదు. ఇంట్లో చేసుకోవచ్చా?

డాలస్_నుంచి

తప్పకుండా చేయించండి అండీ. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మేమిద్దరం ఆఫీసుకి పోతే ఆవిడకి పలకరించే మనిషి ఉండదు. దగ్గర్లోని సీనియర్ సెంటర్‌లో తాయ్ చీ క్లాస్ ఉందని తెలిసి చేర్పించాను. "నాకు ఇంగ్లిష్ రాదు, వాళ్లేం చెబుతారో ఏమో" అని మొదట వెళ్లనంది. వెళ్లాక చూస్తే అక్కడ మాటలతో పెద్ద పనే లేదు, ముందు నిలబడ్డావిడ ఏం చేస్తే అది చేయడమే.

వాళ్లు నేర్పింది కీళ్లనొప్పుల వాళ్ల కోసం తయారుచేసిన పద్ధతి. ఆస్ట్రేలియాలో ఉండే పాల్ లామ్ అనే డాక్టర్ 1997లో దీన్ని రూపొందించారు. తాయ్ చీలో చెన్, యాంగ్, సన్ అని వేర్వేరు శైలులున్నాయి. ఇది ఎక్కువగా సన్ శైలి మీద ఆధారపడింది. అందులో దాదాపు నిటారుగానే నిలబడతారు, మోకాళ్లు లోతుగా వంచక్కర్లేదు. అమ్మకి అది బాగా కుదిరింది. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, చలికాలంలో ఇప్పటికీ మోకాలు పట్టేస్తుంది. కానీ సోఫాలోంచి చేతుల ఆసరా లేకుండా లేస్తోంది. నాకు అదే పెద్ద సంతోషం. ఇప్పుడు నెల్లూరులో ఉంది, సాయంత్రం ఎండ తగ్గాక డాబా మీద చేసుకుంటోంది. పక్కింటి పిన్నిగారు కూడా ఆవిడతో కలిశారట.

ఫిజియో_హైదరాబాద్

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. చేతులు తిప్పడమే కదా అనిపించడం సహజం, చూసేవాళ్ల కళ్లు చేతుల మీదే ఉంటాయి. అసలు పనంతా పాదాల దగ్గర జరుగుతుంది.

తాయ్ చీ నడక ఇలా ఉంటుంది. ముందు ఒంటి బరువంతా ఎడమ కాలి మీదికి తెస్తారు. కుడి కాలు పూర్తిగా తేలికయ్యాకే దాని మడమ లేస్తుంది. ఆ కాలిని బరువు వేయకుండానే ముందుకు పెడతారు. మడమ ఆనుతుంది, తర్వాత అరికాలు మొత్తం ఆనుతుంది, అప్పుడు గానీ బరువు మెల్లగా దాని మీదికి రాదు. మధ్యలో ఏ క్షణంలో ఆపమన్నా ఆగగలగాలి. మామూలు నడకలో మనం ముందుకు తూలుతూ ఉంటాం, ఆ తూలుని తర్వాతి అడుగు ఆపుతుంది. వయసు మీద పడ్డాక ఆ అడుగు సమయానికి పడదు. పెద్దవాళ్లు చాలామంది పడిపోయేది ఇలా బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారే చోటే. తాయ్ చీ సాధన చేయించేది సరిగ్గా దాన్నే.

దీని మీద మంచి పరిశోధనలున్నాయి. అమెరికాలోని ఆరెగాన్‌లో, పడిపోయే ప్రమాదం ఉన్న 70 ఏళ్లు పైబడినవాళ్లు 670 మందిని మూడు గుంపులు చేసి, వారానికి రెండుసార్లు, గంట చొప్పున 24 వారాలు వ్యాయామం చేయించారు. బ్యాలెన్స్ కోసం మలిచిన తాయ్ చీ చేసినవాళ్లలో పడిపోవడాలు, స్ట్రెచింగ్ మాత్రమే చేసినవాళ్ల కన్నా 58 శాతం తక్కువ. రకరకాల వ్యాయామాలు కలిపి చేసినవాళ్ల కన్నా కూడా 31 శాతం తక్కువ. ఇది 2018లో వచ్చింది. అంతకుముందు 2012లో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్న 195 మంది మీద చేసిన పరిశోధనలోనూ బ్యాలెన్స్ మెరుగైంది. అందుకే నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లకి ధైర్యంగా చెబుతాను.

మీ అత్తగారికి మొదటే ఫారమ్‌లు (వరసగా చేసే కదలికల కూర్పులు), పేర్లు ఏవీ వద్దు. వంటగట్టు ముందు నిలబెట్టండి, రెండు చేతులూ గట్టు మీద ఆనించాలి. పాదాల మధ్య జానెడు ఎడం. బరువు కుడికి, మళ్లీ ఎడమకి, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా. మీరు పక్కన కూర్చుని ఆవిడ మోకాలు చూడండి. అది కాలి వేళ్లు ఉన్న వైపే ఉండాలి, లోపలికి, బొటనవేలి వైపు వాలిపోకూడదు. వాలుతుంటే వంపు తగ్గించమనండి. మేజోళ్లు వద్దు, నేల తడిగా ఉండకూడదు. చీర కట్టుకుంటే కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమనండి, అడుగు వెనక్కి వేసేటప్పుడు కాలి కింద పడతాయి.

కాకినాడ_మాస్టారు

బాగా చెప్పారు. నాకు ప్రాణాయామం అలవాటుంది. చిగాంగ్ అనే చైనా సాధనలో కూడా శ్వాసే ముఖ్యం అంటారు కదా, రెండూ కలిపి చేయవచ్చా? ఇంకో మాట, 108 కదలికల యాంగ్ ఫారమ్ వీడియో ఒకటి దొరికింది. నేర్చుకుంటే పూర్తిగా అదే నేర్చుకోవాలని నా ఉద్దేశం.

షాంఘైలో_పనిచేశా

మాస్టారూ, 108 తర్వాత చూద్దాం. చైనాలోనే మామూలు జనానికి అది పొడవైపోతోందని 1956లో క్రీడాశాఖ వాళ్లు యాంగ్ శైలి నుంచి 24 కదలికలు తీసి చిన్న ఫారమ్ తయారుచేయించారు. పార్కుల్లో ఎక్కువగా కనిపించేది అదే, మొత్తం చేస్తే అయిదారు నిమిషాలు. అది కూడా వీడియో చూసి నేర్చుకోవడం కష్టమే, తిరిగే చోట దిక్కు తప్పిపోతాం.

నేను షాంఘైలో ఉన్నప్పుడు పొద్దున్నే ఫూషింగ్ పార్కుకి వెళ్లేవాణ్ణి. ఒక చెట్టు కింద తాయ్ చీ, ఇంకో మూల కత్తులతో చేసేవాళ్లు, అవతల పాటలు పెట్టుకుని జంటగా డాన్స్ చేసే ముసలివాళ్లు. ఎవరి గోల వాళ్లదే, ఎవరూ ఎవర్నీ అడ్డుకోరు. భాష రాని నన్ను ఒక పెద్దావిడ మోచెయ్యి పట్టుకుని భుజం కిందికి దించి మరీ నిలబెట్టేది. అలా నేర్చుకున్నది బాదువాన్‌జిన్, చిగాంగ్‌లో ఒక రకం. మొత్తం ఎనిమిదే కదలికలు, దాదాపు అన్నీ ఉన్నచోటే. రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తి పట్టడం, అటూ ఇటూ విల్లు ఎక్కుపెట్టడం, తల తిప్పి వెనక్కి చూడటం, చివర్లో మడమలు ఎత్తి దించడం. సంగీతంతో చేస్తే పన్నెండు నిమిషాలకు అటూ ఇటూ. ఒంటరిగా ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకి తాయ్ చీ కన్నా ఇదే మంచిదని నా గట్టి అభిప్రాయం.

శ్వాస సంగతి: మాకు నేర్పినదాంట్లో కుంభకం లేదు. ఊపిరి బిగబట్టరు. చేతులు లేచేటప్పుడు పీల్చడం, దిగేటప్పుడు వదలడం, అంతే. మొదట్లో దాని గురించి అసలు పట్టించుకోవద్దనేది ఆవిడ. మీ ప్రాణాయామం మీరు విడిగా చేసుకోండి మాస్టారూ, దీంట్లో కలపకండి.

రాత్రి_డ్యూటీ

నేను పెద్దవాణ్ణి కాదు గానీ ఇక్కడ రాస్తున్నాను. నైట్ షిఫ్టులు, పొద్దున ఇంటికొచ్చాక నిద్ర పట్టదు, టెన్షన్. పడుకునే ముందు బాదువాన్‌జిన్‌లో మొదటి రెండు కదలికలు చేయడం అలవాటైంది. మెడ, భుజాలు వదులవుతాయి, ఫోన్ పక్కన పెట్టడానికి కూడా అదొక సాకు. నిద్ర మాత్రలా పనిచేస్తుందని చెప్పను. మనసు మాత్రం సర్దుకుంటుంది.

ఒక సందేహం. చిగాంగ్ చేస్తే షుగర్, బీపీ మందులు ఆపేయవచ్చని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది. నిజమా?

ఫిజియో_హైదరాబాద్

దయచేసి అలా చేయకండి, మీ ఇంట్లో ఎవరు చేస్తున్నా ఆపండి. వ్యాయామం వల్ల బీపీ కాస్త తగ్గవచ్చు. మాత్ర తగ్గించాలా వద్దా అనేది రీడింగులు చూసి డాక్టరే చెప్పాలి. మా దగ్గరి బంధువు ఒకాయన ఇలాంటి వీడియో నమ్మి బీపీ మందులు మానేశారు. పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా స్వాధీనంలో లేదు. తాయ్ చీ అంటే నాకు గౌరవం ఉంది కాబట్టే ఇలాంటి ప్రచారం చూస్తే కోపం వస్తుంది.

డాలస్_నుంచి

మా అమ్మ క్లాసులో కూడా మొదటి రోజే మందుల గురించి అడిగి రాసుకున్నారు. కళ్లు తిరిగేవాళ్లకి కుర్చీలో కూర్చునే చేయిస్తారు. కూర్చుని చేసినా చేతులు, నడుము, శ్వాస అన్నీ ఉంటాయి. బ్యాలెన్స్ కోసం అయితే ఎప్పుడో ఒకప్పుడు నిలబడాల్సిందే అనేవారు ఆ టీచర్.

బెజవాడ_కోడలు

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. చెప్పినట్టే వంటగట్టు దగ్గర మొదలుపెట్టాం. నేను కూరలు తరుగుతుంటే ఆవిడ పక్కన నిలబడి బరువు అటూ ఇటూ మారుస్తున్నారు. మొదట గట్టుని గట్టిగా పట్టుకునేవారు, ఇప్పుడు వేళ్లు ఆనించి ఉంచుతున్నారు. "కాళ్లు నా మాట వింటున్నాయే" అన్నారు నిన్న. గుడికి ఇంకా వెళ్లడం లేదు. గేటు దాకా నాతో వచ్చి పాలు తీసుకుంటున్నారు.

బాదువాన్‌జిన్ కూడా చూపించాను, విల్లు ఎక్కుపెట్టేది ఆవిడకి బాగా నచ్చింది. కానీ చివర్లో మడమలెత్తి ధబ్బున దించుతున్నారు కదా, అది చేయించవచ్చా? ఆవిడకి ఎముకలు పలచబడ్డాయని రిపోర్టులో ఉంది.

ఫిజియో_హైదరాబాద్

చాలా సంతోషం. ఎముకల రిపోర్టు అలా ఉంటే ధబ్బున దించడం వద్దు, ఆ అదురు నేరుగా వెన్నుపూసకి తగులుతుంది. గట్టు పట్టుకుని మడమలు ఎత్తి, దూది మీద పెట్టినట్టు మెల్లగా దించమనండి. ముందుకు వంగి పాదాలు పట్టుకునే కదలిక కూడా వదిలేయండి, పలచబడ్డ వెన్నుకి అది మరీ ప్రమాదం. మిగతావి చేయవచ్చు. విల్లు వేసేటప్పుడు కాళ్లు మరీ ఎడంగా పెట్టనివ్వకండి.

షాంఘైలో_పనిచేశా

ఆ పార్కులో కూడా బాగా వయసు మళ్లినవాళ్లు మడమలు మెల్లగానే దించేవాళ్లు. బెజవాడ_కోడలు గారూ, మీ అత్తగారికి కుదిరే కదలికలు నేను నిదానంగా చేస్తూ, పక్క నుంచి పాదాలు కనిపించేలా వీడియో తీసి ఆదివారం ఇక్కడ పెడతాను. ఫిజియో గారు ఒకసారి చూసి సరేనంటే అప్పుడు చేయించండి.