మోకాలి నొప్పికి ఇంట్లో ఎక్సర్‌సైజ్ సైకిల్ - ఏది కొనాలి, ఎలా తొక్కాలి? (వైజాగ్)

ఫిల్టర్‌కాఫీ:

నమస్తే అండీ అందరికీ. పోయినేడు ఆషాఢ పౌర్ణమికి మావాళ్లంతా వెళ్తుంటే నేనూ సింహాచలం గిరి ప్రదక్షిణకి బయల్దేరాను. 32 కిలోమీటర్లు, అలవాటు లేని ఒళ్లు. హనుమంతవాక దాకా కబుర్లు చెప్పుకుంటూ నడిచాను, అప్పూఘర్ దగ్గర సముద్రం గాలికి ఇంకాస్త హుషారొచ్చింది, ఎన్‌ఏడీ చేరేసరికి మాత్రం కుడి మోకాలు మొరాయించింది. దేవుడి దయవల్ల ఎలాగో పూర్తి చేశాను గానీ అప్పటినుంచి మెట్లు దిగాలంటే భయమే. ఎక్స్‌రే తీస్తే అరుగుదల ఇప్పుడే మొదలైందన్నారు. బరువు తగ్గాలి, తొడ కండరాలు గట్టిపడాలి, సైకిల్ తొక్కండి అన్నారు డాక్టరుగారు. సీతమ్మధార ఎత్తుపల్లాల్లో ఈ ట్రాఫిక్‌లో నేను సైకిల్ తొక్కితే రెండో మోకాలు కూడా పోతుంది, అందుకే ఇంట్లో పెట్టుకునేది కొందామని.

నా వయసు 47, బరువు 74 కిలోలు, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మూడో అంతస్తు ఫ్లాటు, కింద ఇంట్లో మూడు నెలల పాప ఉంది కాబట్టి చప్పుడు రాకూడదు. అత్తయ్యగారు కూడా తొక్కుతానంటున్నారు, ఆవిడకి 70, షుగర్‌కి మాత్రలు వాడతారు. బడ్జెట్ 15 వేలు. ఆన్‌లైన్‌లో చూస్తే చేతులు ఆడేవి, వీపు ఆనుకునేవి, స్పిన్ బైకులు, 4 కిలోల చక్రం, 6 కిలోల చక్రం అంటూ బుర్ర తిరిగిపోతోంది. మా ఆయనేమో 32 వేలు పెట్టి కొన్న ట్రెడ్‌మిల్‌ని ఎంతకి అమ్మామో రోజుకోసారి గుర్తు చేస్తున్నారు (ఆరు వేలకి, మీరు అడగకపోయినా చెప్తున్నా). వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.

లాసన్స్‌బే_కుర్రాడు:

అక్కా, నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. రెండేళ్ల కిందట ఆఫర్లో 7,500కి చేతులు కూడా ఊపుతూ తొక్కేది కొన్నాను, పేరేమో ఎయిర్ బైక్. అసలు ఎయిర్ బైక్ అంటే ముందు పెద్ద ఫ్యాన్ ఉంటుంది, గాలిని కోస్తూ తిరుగుతుంది, మనం ఎంత గట్టిగా తొక్కితే అంత బరువెక్కుతుంది, జిమ్‌లో ఉండేది అదీ. నేను కొన్నదాంట్లో ఫ్యానూ లేదు గాలీ లేదు, చక్రం చుట్టూ ఒక ఉన్ని పట్టీ, నాబ్ తిప్పితే ఆ పట్టీ బిగుసుకుంటుంది, అంతే. 1 నుంచి 5 వరకు ఎక్కడ పెట్టినా ఒకేలా ఉండేది, 6లో పెడితే బండి పట్టేసినట్టు అయిపోయేది. రెండు నెలలకి కుయ్ కుయ్‌మని మొదలుపెట్టింది, మీ కింద పాప ఉందంటున్నారు, ఆ చప్పుడుకి పాపకంటే ముందు వాళ్ల అమ్మ పైకి వస్తుంది.

ఇంకో తెలివితక్కువ పని, దాన్ని బాల్కనీలో పెట్టాను, సముద్రం చూస్తూ తొక్కొచ్చని. మా ఇంటికి సముద్రం పిలిస్తే పలికేంత దూరం. వానాకాలం పోయేసరికి సీటు రాడ్‌లో పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది, సుత్తితో కొట్టినా రాలేదు. సీటు అన్నయ్య ఎత్తులో ఆగిపోయింది, నేను తొక్కాలంటే కాళ్లు అందవు. ఆఖరికి పెడల్ దగ్గర పావురం గూడు పెట్టింది, గుడ్లు ఉన్నన్నాళ్లు అమ్మ ఎవర్నీ తాకనివ్వలేదు. అదీ నా ఫిట్‌నెస్ కథ.

ఇప్పుడున్నది మాగ్నెటిక్, అంటే పట్టీకి బదులు అయస్కాంతంతో బిగువు వచ్చేది, హాల్లో ఉంది, చప్పుడు లేదు. కొంటే మాగ్నెటిక్కే కొనండి, బెల్టుతో నడిచేదయితే ఇంకా మంచిది, చైను కంటే నిశ్శబ్దంగా ఉంటుంది.

ఉదయం5గంటలు:

వైజాగ్‌లో ఉంటూ నాలుగు గోడల మధ్య సైకిలా? తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు, సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరనుంచి హాయిగా నడవండి, పైసా ఖర్చు లేదు. 15 వేలు మిగిలాయి.

ఫిల్టర్‌కాఫీ:

@ఉదయం5గంటలు గారూ, ఆ టైముకి మా ఇంట్లో ఇద్దరికి క్యారేజీలు కట్టాలి. బీచ్‌కి మీరు వెళ్లి రండి, నా తరఫున కూడా రెండు రౌండ్లు వెయ్యండి.

మోకాలిచిప్ప:

నేను ఫిజియోథెరపిస్టుని. మిమ్మల్ని చూడకుండా వైద్యం చెప్పను, మీ డాక్టరు సైకిల్ తొక్కమన్నారు కాబట్టి అది ఎలా తొక్కాలో చెప్తాను. నా దగ్గరికి సైకిల్ వల్ల మోకాలు నొప్పి పెరిగిందని వచ్చేవాళ్లలో చాలామందికి తేడా సైకిల్‌లో ఉండదు, సీటు ఎత్తులో ఉంటుంది. కింద పడతామన్న భయంతో సీటు బాగా దించేసి తొక్కుతారు. సీటు తక్కువైతే పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు మరీ ఎక్కువ ముడుచుకుంటుంది, అలా ముడుచుకున్న మోకాలితోనే బలంగా తోస్తాం, ఆ ఒత్తిడంతా చిప్ప వెనక పడుతుంది.

ఎత్తు ఇలా చూసుకోండి. సీటు మీద నిటారుగా కూచుని, ఒక పెడల్‌ని అన్నింటికంటే కిందికి తెచ్చి, దాని మీద మడమ ఆనించండి. కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి. ఇప్పుడు మడమ తీసి, వేళ్ల కిందుండే వెడల్పు భాగాన్ని పెడల్ మీద పెట్టండి, మోకాలు కొంచెం వంగుతుంది, 25 నుంచి 35 డిగ్రీలు. అదే మీ ఎత్తు. తొక్కుతుంటే నడుం అటూ ఇటూ ఊగుతోందంటే సీటు ఎక్కువైందని అర్థం, ఒక చిల్లు దించండి. సీటు ముందుకీ వెనక్కీ జరిగేదైతే అదీ చూడండి. పెడల్స్ రెండూ నేలకి సమానంగా ఉన్నప్పుడు ముందు కాలి మోకాలు, పాదాన్ని దాటి మరీ ముందుకి పోకూడదు.

మీ ఎత్తుకి ఇంకో సంగతి. చాలా స్పిన్ బైకుల్లో సీటు అడుగు చిల్లులో పెట్టినా పొట్టివాళ్లకి కాలు అందదు. అత్తగారు మీకంటే పొట్టి అయితే మరీ కష్టం, పైగా దాని మీదికి కాలెత్తి ఎక్కాలి, ముందుకి వంగి తొక్కాలి, 70 ఏళ్ల మనిషికి అది వద్దు. కాళ్లు ముందుకి చాపి, కుర్చీలో కూచున్నట్టు తొక్కే రికంబెంట్ ఆవిడకి అన్నింటికంటే సుఖం గానీ మీ బడ్జెట్ దాటొచ్చు, చోటు కూడా ఎక్కువ తింటుంది. మధ్యేమార్గం ఏంటంటే వీపు ఆనుకోవడానికి దిండున్న అప్‌రైట్ (మామూలు సైకిల్‌లా నిటారుగా కూచుని తొక్కే) మాగ్నెటిక్ సైకిల్, మధ్యలో రాడ్డు కిందికి ఉండేది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే ముందు ఏదైనా షోరూములో ఇద్దరూ ఎక్కి కూచుని చూడండి, మొహమాటం వద్దు.

తొక్కడం విషయానికొస్తే మొదటి వారం పది నిమిషాలు చాలు, తక్కువ బిగువులో, నిమిషానికి 60 నుంచి 70 చుట్లు. బిగువు పెంచితే త్వరగా తగ్గుతామనుకుంటారు, మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి అది ఎదురు తిరుగుతుంది. ముందు నిమిషాలు పెంచండి, తర్వాతే బిగువు. తొక్కుతూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, ఆ మాత్రం వేగం సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున, అది రెండు మూడు నెలలకి చేరినా పర్లేదు. తొక్కేటప్పుడు కాస్త పట్టేసినట్టుండి తగ్గిపోతే కంగారు లేదు, మర్నాటికి వాపు వస్తే మాత్రం ఎక్కువ చేశారన్నమాట. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే దిగిపోవాలి, ఇది ఇద్దరికీ.

అత్తగారు పరగడుపున అస్సలు ఎక్కకూడదు. కొన్ని షుగర్ మాత్రలతో వ్యాయామం కలిస్తే షుగర్ ఒక్కసారి పడిపోతుంది, ఆవిడ వాడేవి అలాంటివో కాదో డాక్టరుని అడగండి. టిఫినో భోజనమో అయ్యాక కాసేపాగి నెమ్మదిగా పావుగంట తొక్కితే తిన్నాక పెరిగే షుగర్‌కి మంచిది. పక్కన గ్లూకోజ్ పెట్టుకోండి. ఇంకోటి, సైకిల్ మీద బరువంతా సీటు మీద ఉంటుంది కాబట్టి ఎముకలకి నడక ఇచ్చే బలం ఇది ఇవ్వదు. మోకాలు కుదుటపడ్డాక బీచ్ ఆయన మాట కూడా కొంచెం వినండి.

ఫిట్టర్‌మాస్టారు:

అమ్మా, నేను స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాం. మా కోడలికి ఒకటి కొన్నాం, బిగించినోడు మా ముందే చెడగొట్టీసాడు, అందుకని రాస్తున్నాను.

ఎడమ పెడల్‌కి మర తిరగేసి ఉంటాది. అది తెలీక ఆ కుర్రాడు రెండూ ఒకే వైపు తిప్పి, ఎక్కట్లేదని పానా పెట్టి బలంగా లాగాడు, కొత్త క్రాంకు (పెడల్ బిగించే ఇనప చెయ్యి) మర కాస్తా పోనాది. దానికి గుర్తు చెప్తాను, ఎప్పటికీ మర్చిపోరు. కుడిదైనా ఎడమదైనా సైకిల్ ముందు వైపుకి తిప్పితే బిగుస్తాది, వెనక్కి తిప్పితే ఊడతాది. పెడల్స్ మీద ఎల్, ఆర్ అని ఉంటాది, చూసుకోండి. మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే ఎక్కించాలి, అప్పుడే పానా. వారం తొక్కాక మళ్లీ ఒకసారి బిగించాలి, కొత్తలో వదులవుతాయి. వదులు పెడల్‌తో తొక్కితే కూడా మర తినేస్తాది.

మాగ్నెటిక్ అంటే ఏటో అని భయపడకండి. పాత కరెంటు మీటర్లో అద్దం వెనక అల్యూమినియం బిళ్ల తిరిగేది గుర్తుందా, ఆ బిళ్లని అదుపులో పెట్టడానికి పక్కనే ఒక అయస్కాంతం ఉండేది. ఇదీ అదే సూత్రం. తిరిగే చక్రానికి అయస్కాంతం దగ్గరగా జరిగితే ఆ లోహంలో కరెంటు సుళ్లు పుట్టి చక్రాన్ని వెనక్కి లాగుతాయి. ఒకదానికొకటి తగలదు, అరగదు, చప్పుడు చెయ్యదు. నాబ్ తిప్పితే అయస్కాంతం జరుగుతాది, అంతే.

చక్రం ఎన్ని కిలోలని కొట్టుకోకండి. కాస్త బరువుంటే కుదుపు లేకుండా తిరుగుతాది, మీ వాడకానికి 4 కిలోలైనా 6 కిలోలైనా ఒకటే. కాకపోతే స్పిన్ బైకు చాలావాటిలో చక్రం పెడల్‌తో కలిసే తిరుగుతాది, మీరు ఆపినా అది ఆగదు, కాళ్లని తీసుకుపోతాది, బ్రేకు నాబ్ కిందికి నొక్కి ఆపాలి. ఇంట్లో చిన్నపిల్లలు వస్తే తిరిగే చక్రం దగ్గరికి రానివ్వకండి, వేలు పెడితే వేలు పోతాది. బరువు ఎంతవరకు మోస్తాదో రాసుంటాది కదా, మీ బరువుకి ఇంకో పాతిక ముప్పై కిలోలు పైనున్నది తీసుకోండి.

మన ఊరి గాలికి ఇనుము నిలవదు. బాల్కనీలో వద్దు, సముద్రం వైపు కిటికీ పక్కన వద్దు. తొక్కిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి, చెమట కూడా ఉప్పే. సీటు రాడ్డు నెలకోసారి పూర్తిగా బయటికి తీసి తుడిచి పల్చగా గ్రీజు రాయండి, ఆ లాసన్స్‌బే బాబుకి పట్టిన గతి పట్టదు. నట్లకి కుట్టుమిషను ఆయిలు ఒక చుక్క చాలు, కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురు కట్టి దుమ్ము పడతాది. కింద రబ్బరు మ్యాట్ వెయ్యండి, పాపకీ మంచిది, టైల్స్‌కీ మంచిది. తొక్కేటప్పుడు ఫ్యాను మీ మొహం మీదికి పెట్టుకోండి. రోడ్డు మీద తొక్కితే ఎదురుగాలి ఉంటాది, ఇక్కడ అదీ లేదు, మన ఉక్కపోతకి పది నిమిషాలకే తడిసిపోతారు.

మీటర్లో కేలరీలు చూసి మురిసిపోకండి. ఆ డబ్బాకి తెలిసింది ఒక్కటే, చక్రానికున్న చిన్న అయస్కాంతం సెన్సరు ముందునుంచి ఎన్నిసార్లు పోయిందో. చాలావాటికి మీ బరువూ తెలీదు, బిగువు ఎంతలో పెట్టారో కూడా తెలీదు. మా కోడలు అది 300 చూపించిందని రెండు పూతరేకులు తినీసింది. ఎప్పుడైనా సున్నా చూపిస్తే కంగారుపడి కంప్లయింట్ పెట్టకండి, హ్యాండిల్ దగ్గర వైరు జాయింటు ఊడి ఉంటాది.

ఫిల్టర్‌కాఫీ:

అందరికీ థాంక్యూ. కొని మూడు వారాలైంది, అందుకే మళ్లీ వచ్చాను. వీపు దిండున్న అప్‌రైట్ మాగ్నెటిక్, 13,800 పడింది. షోరూములో అత్తయ్యగారు చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మూడు సైకిళ్లు ఎక్కి చూశారు, సేల్స్ అబ్బాయి కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు. ఇంట్లో మాత్రం చీర పెడల్‌లో పడుతుందని నా పాత చుడీదార్ వేసుకుంటున్నారు, పెళ్లయ్యాక ఆవిడని చీర కాకుండా వేరే బట్టల్లో చూడటం ఇదే.

సీటు నాకు ఐదో చిల్లు, ఆవిడకి మూడోది. రోజూ లెక్కపెట్టడం విసుగ్గా ఉంటే ఆవిడే ఉపాయం చెప్పారు, రాడ్డు మీద ఐదో చిల్లు పక్కన నా ఎర్ర బొట్టుబిళ్ల, మూడో చిల్లు పక్కన ఆవిడ మెరూన్ బొట్టుబిళ్ల అంటించాం. మా ఆయన తన బిళ్ల ఎక్కడ అని అడిగితే ముందు ఎక్కమన్నారు అత్తయ్యగారు.

నేను 18 నిమిషాలకి వచ్చాను, బరువు పెద్దగా తగ్గలేదు, అర కిలో. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవడం తగ్గింది. ఒక్కటే సమస్య, మొదటి వారం సీటు దగ్గర ఒకటే నొప్పి, ఇప్పుడు పర్లేదు. నిన్నటినుంచి ఎడమ వైపు తొక్కినప్పుడల్లా టక్ మంటోంది. మాస్టారూ, ఏమై ఉంటుంది?

ఫిట్టర్‌మాస్టారు:

వారానికి మళ్లీ బిగించమన్నాను, బిగించారా?

ఫిల్టర్‌కాఫీ:

లేదండీ 🙈

ఫిట్టర్‌మాస్టారు:

అది బిగించీవరకు ఎవరూ ఎక్కకండి. ఎడమది, ముందు వైపుకి తిప్పాలి. పానా బాక్సులో వచ్చే ఉంటాది, సోఫా కింద వెతకండి.