చీకటి గదికి తెల్ల రంగు చాలా, కొత్త కిటికీ కొట్టించాలా?

అక్కయ్యపాలెం గ్రౌండ్‌ఫ్లోర్:
మా ఫ్లాట్ విశాఖ అక్కయ్యపాలెంలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో చివరిది. అత్తయ్యగారి గది పది బై పదకొండు అడుగులు. ఉన్నది ఒకటే కిటికీ, ఉత్తరం వైపు. వెడల్పు మూడడుగులు, ఎత్తు నాలుగు. తెరిస్తే మూడడుగుల దూరంలోనే పక్కింటి గోడ. ప్లాస్టరింగ్ చేసి రంగు వేయకుండా వదిలేశారు, వానలకి నాచు పట్టి నల్లబడిపోయింది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేస్తే గానీ ఆవిడ పేపరు చదవలేరు, బియ్యంలో రాళ్లు ఏరుకోలేరు. ఇప్పుడు లోపల గోడలు లేత ఆకుపచ్చ. గదంతా తెల్ల రంగు వేయించేస్తే సరిపోతుందని మావారు. ఆ డబ్బు రంగుకి తగలేసే బదులు పడమటి గోడకి ఇంకో కిటికీ కొట్టించమని మా తమ్ముడు. అటువైపు పార్కింగ్, ఖాళీ జాగా. ఇద్దరూ పట్టు వదలట్లేదు. మీరేమంటారు?

రంగుల మేస్త్రి, కంచరపాలెం:
మీవారే కరెక్టు మేడమ్. లేత ఆకుపచ్చ అంటున్నారు గానీ, పాత డిస్టెంపర్ అయితే ఈపాటికి అది లేత కాదు. కొత్త తెల్ల ఎమల్షన్ తన మీద పడిన వెలుతురులో ఎనభై శాతం దాకా వెనక్కి కొడుతుంది. బాగా ముదురు రంగులు పది శాతం ఇస్తే గొప్ప. ముందు సీలింగ్ చూడండి. అందరూ గోడల గురించే అడుగుతారు, సీలింగ్ చూస్తే ఫ్యాన్ చుట్టూ మసి కొట్టుకుపోయి ఉంటుంది. దానికి ప్యూర్ వైట్, గోడలకి హాఫ్ వైట్ సాఫ్ట్ షీన్ వేయించండి. బాగా మెరిసేది మాత్రం వద్దు. పుట్టీలో ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి, ట్యూబ్‌లైటు గోడలో మెరిసి కళ్లలోకి కొడుతుంది.

మధురవాడ మేడమీద:
మేస్త్రిగారూ, మా అన్నయ్య వాళ్లు అచ్చం మీరు చెప్పినట్టే చేశారు. హాలుకి మల్లెపువ్వులాంటి తెలుపు. పగలు లైటు వేయకపోతే బూడిద రంగులో, ఏదో సగంలో ఆగిపోయిన పనిలా కనిపిస్తుంది. కిటికీలోంచి ఏమీ రానప్పుడు గోడ ఏం వెనక్కి కొడుతుంది?

సైట్ ఇంజనీర్, మర్రిపాలెం:
ఈ చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. రంగు వెలుతురు పుట్టించదు, వచ్చినదాన్ని గదిలో నాలుగు మూలలకీ పంచుతుంది. అందుకే ముందు ఎంత వస్తోందో చూడాలి.

మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం తేమ, వేడి రెండూ ఉండే ప్రాంతాల్లో కిటికీలు గది వైశాల్యంలో ఆరో వంతు ఉండాలి. మీ గది 110 చదరపు అడుగులు, అంటే కిటికీ 18 చదరపు అడుగులైనా ఉండాలి. మీకున్నది 12. అందులోంచి ఫ్రేము, గ్రిల్లు, దోమల మెష్ తీసేయండి. సజ్జా అడ్డం సరేసరి.

అయితే సైజు కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. మీ అత్తగారు పేపరు చదివే కుర్చీలో మీరు కూర్చుని కిటికీ వైపు చూడండి. ఆకాశం ముక్క ఒక్కటైనా కనిపిస్తోందా? కనిపించదనుకుంటాను. మరి ఆ గదికి వెలుతురు ఎక్కడిది? పక్కింటి గోడ మీద పడి తిరిగొచ్చినదే. ఆ గదికి ఆ గోడే ఆకాశం. రంగు లేని సిమెంట్ ప్లాస్టర్ కొత్తగా ఉన్నప్పుడే పావు నుంచి మూడో వంతు వెలుతురు వెనక్కి పంపుతుంది. నాచు పట్టి నల్లబడ్డాక ఇంకేం పంపుతుంది? అంటే తెల్ల రంగు వేయాల్సిన మాట నిజమే, కానీ మొదట వేయాల్సింది మీ గోడకి కాదు, వాళ్ల గోడకి. వాళ్లని అడిగి చూడండి. ఖర్చు మీరే పెట్టుకుంటామంటే కాదనేవాళ్లు తక్కువ.

ఈలోగా డబ్బు ఖర్చు లేని పని ఒకటి. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకుని కుర్చీ దగ్గర కొలవండి, మెష్ ఊడదీసి మళ్లీ కొలవండి.

కిటికీ పార్టీ, ఎంవీపీ కాలనీ:
పక్కింటివాళ్ల దయాదాక్షిణ్యాల మీద మన వెలుతురు ఆధారపడాలా? వాళ్లు రేపు అమ్మేసుకుంటే, కొన్నాయన అక్కడ ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు పెడితే? తమ్ముడు చెప్పిందే శాశ్వతం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుందా? పగలు కూడా కొవ్వొత్తి పెట్టుకున్న గదులు నాకు తెలుసు. ఇంటికి సొంత వెలుతురు ఉండాలి.

గాజువాక ఉక్కపోత:
హుద్‌హుద్ పేరెత్తారు కాబట్టి ఆ రోజు ఎన్ని కిటికీల అద్దాలు పగిలాయో అదీ చెప్పండి. స్లైడింగ్ కిటికీల సందుల్లోంచి వాన కొట్టి పరుపులు తడిసిపోయాయి.

సరే, తుపాను ఎప్పుడో గానీ రాదు. మే నెల ఏటా వస్తుంది. పడమటి కిటికీ అంటే మధ్యాహ్నం మూడింటి నుంచి ఎండ నేరుగా మంచం మీదకి. సూర్యుడు కిందికి దిగాక సజ్జా ఎంత పొడుగున్నా ఆపలేదు. అప్పుడు మందపాటి కర్టెన్ వేస్తారు, అంటే గోడ బద్దలుకొట్టి పెట్టించుకున్న కిటికీని గుడ్డతో మూస్తారన్నమాట. రోహిణి కార్తెలో ఆ గ్రౌండ్‌ఫ్లోర్ చీకటి గదిలోకే ఇంటిల్లిపాదీ చేరతారు, చూడండి. మా ఇంట్లో జరిగేది అదే. చీకటి అనకండి, చల్లదనం అనండి.

కిటికీ పార్టీ, ఎంవీపీ కాలనీ:
చల్లదనం మీకు సార్, రాళ్లు ఏరుకునేది ఆవిడ.

వాస్తు ప్రకారం:
పడమట కిటికీ పెడితే ఏ మూలకి వస్తుందో చెప్పలేదు. నైరుతి అయితే ముట్టుకోవద్దు. మంచం ఎదురుగా అద్దం కూడా పెట్టకండి, ఎలాగూ ఎవరో ఒకరు అద్దం పెట్టమంటారు.

రంగుల మేస్త్రి, కంచరపాలెం:
అద్దం సంగతి వాస్తు దాకా ఎందుకండీ. అద్దం ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుంది. ఇక్కడ ఎదురుగా ఉన్నది నాచు గోడ. ఒకటి చాలదా, రెండు చూడాలా?

భీమిలి పెంకుటిల్లు:
మా తాతగారు కట్టిన ఇంట్లో వంటగదికి కిటికీయే లేదు, పైన రెండు గాజు పెంకులు ఉన్నాయి. పదింటికల్లా పొయ్యి దగ్గర వెలుతురే వెలుతురు. ఇప్పుడు లక్షలు పోసి కట్టి, పగలు లైట్లు వేసుకుంటున్నారు.

అక్కయ్యపాలెం గ్రౌండ్‌ఫ్లోర్:
మా పైన ఇంకా నాలుగు అంతస్తులున్నాయండీ, గాజు పెంకు ఎక్కడ పెట్టను!

కళ్లజోళ్ల షాపు, డాబాగార్డెన్స్:
అందరూ గది గురించే మాట్లాడుతున్నారు, ఆవిడ కళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో సుమారు మూడో వంతే. కంటిపాప చిన్నదైపోతుంది, కంటి లోపలి లెన్స్ పసుపెక్కుతుంది. మీకు ఫర్వాలేదనిపించే గది ఆవిడకి చీకటే. శుక్లం ఉందేమో ముందు చూపించండి.

తర్వాత లైటు. సీలింగ్‌కి ఇంకో పెద్ద ట్యూబు బిగిస్తే పేపరు మీద ఆవిడ తల నీడే పడుతుంది. కుర్చీకి ఎడమ పక్కన, భుజం ఎత్తులో, డూమ్ ఉన్న తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ పెట్టండి. బల్బు నేరుగా కంట పడకూడదు. తెల్లగా, నీలంగా కొట్టే 6500 కెల్విన్ కంటే 4000 అని రాసి ఉన్నది తీసుకోండి, మొహాలు పాలిపోయినట్టు కనపడవు. రోజుకి పది గంటలు వెలిగించినా నెలకి మూడు యూనిట్లు దాటదు. దీనికోసం గోడలు కొట్టుకోవడం ఏటండీ?

సైట్ ఇంజనీర్, మర్రిపాలెం:
చదువుకోవడానికి లైటు, ఒప్పుకుంటాను. కానీ గదిలో పొద్దెక్కిందో వాలిందో తెలియాలంటే బల్బుతో పని జరగదు. పెద్దవాళ్లు పగలంతా ఒకే గదిలో ఉంటే ఆ తేడా తెలుస్తుంది.

పడమటి కిటికీ విషయంలో ఒక జాగ్రత్త. అపార్ట్‌మెంట్ పిల్లర్ల మీద నిలబడినదైతే మధ్యలో ఇటుక గోడ కొట్టవచ్చు, పైన బరువు మోసే లింటెల్ వేసి. పిల్లర్‌నీ బీమ్‌నీ తాకకూడదు. బయటి గోడ మీ ఒక్కరిదే కాదు కాబట్టి అసోసియేషన్‌తో రాతపూర్వకంగా తేల్చుకోకుండా సుత్తి ఎత్తవద్దు.

అక్కయ్యపాలెం గ్రౌండ్‌ఫ్లోర్:
అందరికీ థాంక్స్. కుర్చీలో కూర్చుని చూశాను, ఆకాశం లేదు, నాచే. యాప్‌లో మెష్ ఉన్నప్పుడు 35 చూపించింది, తీస్తే 52. ఆ మెష్ దులిపితే నల్లటి నూగు రాలింది, చేత్తో రాస్తే జిడ్డు. ఇంతకాలం దాని వెనక కూర్చోబెట్టామా అనిపించింది. కడిగి ఆరబెట్టాను, పగలు తీసేసి సాయంత్రం దోమల వేళకి పెడదామనుకుంటున్నాం.

పక్కింటి ఆంటీతో మాట్లాడాను. వేసుకోండమ్మా, కానీ మా వైపు ఒక్క చుక్క పడకూడదు, మెట్ల దగ్గర ఉన్న ముక్క కూడా కలిపి వేయించండి అన్నారు. మేస్త్రిగారూ, నాచు మీద నేరుగా వేసేయవచ్చా? మా తమ్ముడు మాత్రం మే నెల దాకా చూస్తాడట, అప్పటికీ చాలకపోతే మళ్లీ కిటికీ మాట ఎత్తుతాడట.

రంగుల మేస్త్రి, కంచరపాలెం:
నేరుగా వేస్తే ఒక్క వర్షాకాలానికే పొరలుగా లేచిపోతుంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కొట్టి, వైరు బ్రష్‌తో గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ సందులో ఎండ పడదు కాబట్టి ఆరడానికి టైము పడుతుంది, తొందరపెట్టకండి. పైనుంచి పైపు ఏమైనా కారుతుంటే ముందు అది బాగుచేయించాలి, లేకపోతే మీరు ఏం వేసినా దండగే. తర్వాత ఎక్స్‌టీరియర్ ప్రైమర్, దాని మీద రెండు కోట్లు ఎక్స్‌టీరియర్ వైట్. మూడడుగుల సందులో పరంజా కష్టం, కిటికీ పై అంచుకి ఇంకో నాలుగడుగుల ఎత్తు దాకా నిచ్చెనతో అందినంత వేయండి చాలు.

సైట్ ఇంజనీర్, మర్రిపాలెం:
నాలుగడుగులు చాలదు మేస్త్రీ, సందులోకి వెలుతురు దిగేది పైనుంచే. రెండో అంతస్తు దాకా వేయాలి.

రంగుల మేస్త్రి, కంచరపాలెం:
పైకి ఎక్కి వేసేది మీరా, నేనా సార్?